డాన్స్ చేసే అమ్మాయి సంబంధం: అడగాల్సినవి, అడగకూడనివి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీది ఆమదాలవలస. మీ తమ్ముడికి విజయనగరం సంబంధం వచ్చింది. అమ్మాయి కూచిపూడిలో డిప్లొమా చేసింది, ఒక ప్రైవేటు స్కూల్లో డాన్స్ టీచరు, సాయంత్రాలు ఇంటి దగ్గర పిల్లలకు క్లాసులు చెబుతుంది, పెళ్ళిళ్ళ సీజనులో సంగీత్‌లకు స్టెప్పులు నేర్పుతుంది. మీ తమ్ముడికి నచ్చింది. మీ నాన్నగారు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. మీ మేనత్తగారు మాత్రం "గజ్జె కట్టిన కాలు గడప లోపల నిలుస్తుందా?" అనేశారు. చివర్లో మీరు రాసింది ఇది: "ఒట్టి క్లాసికల్ అయితే మాకు అభ్యంతరం లేదు. సినిమా పాటలకు కూడా చేస్తుందని తెలిసింది. అదే ఆలోచన."

నేను విజయనగరంలోనే నృత్యం నేర్చుకుని, ఇక్కడే నేర్పుతూ ఈ వయసుకు వచ్చినదాన్ని. నా దగ్గర నేర్చుకున్న ఆడపిల్లల పెళ్ళిచూపుల్లో పెద్దదిక్కుగా కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. అందుకని మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీ మేనత్తగారి మాట కన్నా మీ ఆఖరి వాక్యమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆవిడ తన భయాన్ని ఉన్నదున్నట్టు బయటపెట్టారు. మీరు అదే భయాన్ని ఇస్త్రీ చేసి మడతపెట్టి చూపిస్తున్నారు.

ఆ భయం ఎక్కడిదో మా ఊరివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' మొదటి ప్రదర్శన 1892లో జరిగింది ఈ విజయనగరంలోనే. సానిమేళాలు, అంటే వేశ్యల ఆటపాటల కచేరీలు పెట్టించకూడదు, వాటికి వెళ్ళకూడదు అంటూ మద్రాసు రాజధానిలో సంస్కర్తలు గట్టిగా పోరాడుతున్న కాలం అది. ఆ నాటకంలో సౌజన్యారావు పంతులు గారు నిజంగా మంచివారు, వేశ్యలతో మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నవారు. కానీ లుబ్ధావధానులు హత్యకేసులోంచి బయటపడే దారి ఆయనకు చెప్పింది ఎవరు? మగవేషం వేసుకుని ఆయన ఇంటికి వచ్చిన వేశ్య మధురవాణి. మా ఊరు ఆ నాటకాన్ని చూసి గర్వపడుతుంది, వచ్చిన చుట్టాలకు గురజాడ వారి ఇల్లు చూపిస్తుంది, మధురవాణి తెలివికి మురిసిపోతుంది. ఇంట్లో పెళ్ళిసంబంధం మాట వచ్చేసరికి మాత్రం పంతులు గారి నియమం ఒక్కటే గుర్తుకొస్తుంది.

ఆ పోరాటం వల్ల మంచి జరగలేదని నేను అనను. ఆడపిల్లలను గుడికి అర్పించే ఆచారాన్ని 1947లో మద్రాసు చట్టం నిషేధించింది, 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేకంగా మరో చట్టం చేసింది. ఆ ఆచారం పోవాల్సిందే. అయితే మేజువాణీలు పెట్టించిన జమీందార్లకు, ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులకు ఏ మచ్చా అంటలేదు. ఆడినవాళ్ళకే అంటింది. ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల ఇళ్ళలో ఎంతోమంది తమ కూతుళ్ళకు ఆట నేర్పడం మానేసి, తాము నేర్చిన సంగతే దాచుకున్నారు. తర్వాత నటరాజ రామకృష్ణ గారు వయసు మళ్ళిన ఆ కళాకారిణుల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ దగ్గర ఉన్న విద్యను సేకరించి, 'ఆంధ్రనాట్యం' పేరుతో మళ్ళీ వేదిక ఎక్కించారు. ఈరోజు అదే విద్యను డాక్టరు గారి అమ్మాయి ప్రదర్శిస్తే శాలువా కప్పుతాం. పదం అదే, అభినయం అదే. ఆడే మనిషి ఇంటిపేరు మారింది, దాంతో మర్యాద వచ్చేసింది.

మీరు "క్లాసికల్ అయితే సరే" అన్నప్పుడు నాకు ఇదంతా గుర్తుకొస్తుంది. నాట్యం చేసే ఆడదాన్ని రెండు గదుల్లో ఏదో ఒకదాంట్లో పెట్టి తలుపు వేసుకోవాలన్న తాపత్రయం మనకు పోలేదు, గదుల పేర్లు మార్చుకున్నాం అంతే. విచిత్రం ఏమిటంటే మీరు పవిత్రం అనుకుంటున్న ఆ కూచిపూడిలో చాలాకాలం ఆడవాళ్ళకు చోటే లేదు. సత్యభామ వేషం మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామను చూసి నిజంగా ఆడమనిషే అని భ్రమపడినవాళ్ళ కథలు మా గురువులు చెబుతుండేవారు. మన జిల్లాల తూర్పు భాగవతంలోనూ అంతే, మద్దెల మోతకు జడ విసురుతూ వచ్చే భామ ఒక మగవాడే. ఊరంతా తెల్లవార్లూ కూర్చుని ఆ భామను చూసేది. అదే ఊళ్ళో ఈరోజు ఒక కుర్రవాడు కూచిపూడి నేర్చుకుంటానంటే "ఆడంగి వేషాలు" అంటారు. నా దగ్గరకు వచ్చే మగపిల్లల్లో సగం మంది కాలేజీ స్నేహితులకు జిమ్‌కు వెళ్తున్నామని చెప్పి వస్తారు. తప్పెటగుళ్ళు ఆడే మగవాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అనరు. రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలు వేసుకుని, ఆడుతూనే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే ఆ మనుషులను వేలెత్తి చూపే ధైర్యం ఎవరికి ఉంది?

ఇక సినిమా పాటల సంగతి. మీరు అసలు అడగాలనుకుని అడగనిది రికార్డింగ్ డాన్స్ గురించి అని నా ఊహ. ఆ అమ్మాయి అది చేయదు, మీరు రాసిన వివరాలను బట్టి ఆమె చేసేది పెళ్ళివారింటి మేనత్తలకు, బావమరదళ్ళకు స్టెప్పులు నేర్పే పని. ఇక్కడితో ఆపేసి "కంగారుపడకండి, ఆమె అలాంటిది కాదు" అని రాస్తే మీ నాన్నగారు తృప్తిపడతారు. కానీ అలా రాయడం నాకు ఇష్టం లేదు. జాతర వేదిక మీద ఆడే పిల్లలూ పని చేసుకుంటున్నవాళ్ళే. అక్కడ అసభ్యం జరగడం నిజమే, నేను కాదనను. దానికి చందాలు వేసేది ఊరు, పాట ఎంచేది కమిటీ, ముందుకు వచ్చి నోట్లు ఊపేది కుర్రకారు. పోలీసులు వచ్చేసరికి వేదిక మీద మిగిలేది ఆ పిల్లలు, మరుసటి రోజు పత్రికలో మొహానికి చున్నీ కప్పుకుని కనిపించేదీ వాళ్ళే. "మేము అలాంటివాళ్ళం కాము" అని మేము, అంటే కూచిపూడి వాళ్ళం, ఎప్పుడూ చేతులు దులుపుకుంటూ వచ్చాం. వందేళ్ళ క్రితం కళావంతుల గురించి మర్యాదస్తులు అన్న మాటే అది. మీ ప్రశ్నకు ఇది నేరుగా జవాబు కాదని తెలుసు, అయినా చెప్పకుండా ముందుకు వెళ్ళలేను.

ఇప్పుడు అమ్మాయి పనిలోకి వద్దాం. రాత్రిపూట బయట తిరుగుతుందా అన్నది మీ ఇంట్లో చర్చకు వచ్చిందని రాశారు. తిరగడం ఎలా ఉంటుందో చెబుతాను. రథసప్తమికి అరసవల్లిలోనో, శివరాత్రికి శ్రీముఖలింగంలోనో ఒక సాంస్కృతిక కార్యక్రమం ఉందనుకోండి. కరపత్రంలో ఏడు గంటలకు అని ఉంటుంది. పిల్లల మేకప్ మధ్యాహ్నం మూడింటికే మొదలుపెట్టాలి. జడ వేయడానికే ఎక్కువ సమయం పడుతుంది. సవరం కట్టి, జడకుచ్చులు వేసి, తలకు అటు సూర్యుడు ఇటు చంద్రుడు పెట్టి, ఆడేటప్పుడు ఊడకుండా పిన్నులు గుచ్చితే తల వెనక్కి లాగేస్తున్నట్టు ఉంటుంది. గ్రీన్ రూమ్ అని వాళ్ళు చూపించేది ఒక తరగతి గది. బెంచీలు గోడకు జరుపుకోవాలి, కిటికీకి రెక్కలు ఉండవు, దుప్పటి ఒకటి కట్టి దాని రెండు కొసలు ఇద్దరు తల్లులు పట్టుకుని నిలబడతారు. మరుగుదొడ్డి ఉంటే తాళం, తాళం లేకపోతే నీళ్ళు ఉండవు. అందుకని మా పిల్లలు మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగరు. చిన్నపిల్లలకు చెప్పకుండానే ఈ సంగతి తెలిసిపోతుంది, అది నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

ఏడింటికి ముఖ్య అతిథి రారు. ఎనిమిదింటికి వస్తారు, జ్యోతి వెలిగిస్తారు, ప్రసంగాలు ఉంటాయి. గజ్జెలు కట్టుకుని నిలబడిన కాళ్ళు చల్లబడిపోతాయి, కండరాలు బిగుసుకుంటాయి. అప్పుడు ఒక్కసారిగా పిలిచి "టైము లేదు, ఒకటే ఐటమ్ చేయండి" అంటారు. రాత్రి పదకొండింటికి ముఖం తుడుచుకుని, ఒకే వ్యానులో తల్లులు, పిల్లలు, హార్మోనియం ఆయన, మద్దెల ఆయన అందరం సర్దుకుని ఇంటికి వస్తాం. విచ్చలవిడితనానికి వీలు దొరికే చోటు ఆ వ్యానులో నాకైతే కనిపించలేదు, కాలు చాపుకునే చోటే ఉండదు.

డబ్బు గురించి జనానికి రెండు రకాల అపోహలు ఉన్నాయి, రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. ఒకటి, డాన్స్ వాళ్ళకు బాగా ముడుతుందని. రెండోది, డాన్స్ వాళ్ళకు ఇవ్వక్కర్లేదని. మైకు సెట్టు వాడికి అడ్వాన్సు ఇస్తారు, షామియానా వాడికి ఇస్తారు, ఆడే పిల్లకు మెమెంటో ఇస్తారు. "అవకాశం ఇస్తున్నాం కదమ్మా" అనే మాట విని విని నా చెవులు కాయలు కాశాయి. నా ఇంట్లో మెమెంటోలు పెట్టడానికి చోటు లేక అటక మీద పెట్టాను. దుస్తులు కుట్టించడం, తలసామాను, మేకప్ ఆయన ఖర్చు, వ్యాను కిరాయి, పాడేవాళ్ళకు, వాయించేవాళ్ళకు ఇచ్చేది పోను క్లాసికల్ ప్రదర్శనలో మిగిలేది సాధారణంగా ఏమీ ఉండదు. అందుకే ఇప్పుడు చాలామంది వాద్యగోష్ఠి మానేసి పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసిన పాటకు ఆడుతున్నారు.

అంటే మీరు మెచ్చుకునే కూచిపూడిని బతికిస్తున్నది మీకు నచ్చని సినిమా పాటే. స్కూలు జీతం నెల గడవడానికి సరిపోతే గొప్ప. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వార్షికోత్సవాలు, అప్పుడు నాలుగు డబ్బులు. పెళ్ళిళ్ళ సీజనులో సంగీత్‌లు, అక్కడ బేరం తక్కువ, చెల్లింపు వెంటనే. ఆషాఢం వచ్చినా మూఢం వచ్చినా చేతిలో పని ఉండదు. ఈ లెక్క తెలిసిన అమ్మాయి అయితే మంచి నెలల్లో కొంత పక్కన పెట్టుకుంటుంది. మీ తమ్ముడు ఆమెను అడగదగిన మొదటి ప్రశ్న ఇదే: ఖాళీ నెలల్లో ఎలా నెట్టుకొస్తావు? సినిమా పాటకు ఎందుకు ఆడతావని అడగడం కన్నా ఇది ఎంతో మర్యాదైన ప్రశ్న, ఎంతో ఉపయోగమైనది కూడా.

చదువు అబ్బక డాన్సులోకి వచ్చి ఉంటుందన్న అనుమానం కూడా మీ ఉత్తరంలో తొంగిచూసింది. ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్ళు, ఆ తర్వాత డిప్లొమా రెండేళ్ళు. మా ఊరి మహారాజా వారి కళాశాల 1919లో మొదలైంది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల, పి. సుశీల చదువుకున్న చోటు అది. డిప్లొమా పరీక్షలో ఆడితే సరిపోదు. అభినయ దర్పణం అనే నాట్యగ్రంథంలోని 28 అసంయుత హస్తాలు, అంటే ఒంటి చేత్తో పట్టే ముద్రలు, శ్లోకంతో చెప్పి, ఒక్కొక్కటి ఎక్కడ వాడతారో చూపించాలి. మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అక్షరాల జాతుల్లో తాళం చేత్తో వేస్తూ జతి నోటితో చెప్పాలి. ఖండజాతిలో, అంటే అయిదక్షరాల లెక్కలో, జతి చెబుతూ చేతి తాళం తప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి, మీ తమ్ముడు ఇంజనీరని రాశారు కాబట్టి లెక్క ఆయనకు తేలికే. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి కృష్ణుడి పాట తరంగం చేసే పిల్ల బుర్రలో ఆ లెక్క నడుస్తూనే ఉంటుంది, మొహంలో మాత్రం కృష్ణుడు ఉండాలి.

ఒళ్ళు గురించి ఒక్క మాట. ఆడపెద్దలు చాటున అడిగేది ఇదే: ఎగిరెగిరి ఆడితే పిల్లలు పుట్టడం కష్టమట కదా? మామూలుగా నాట్యం చేయడం వల్ల ఆ చిక్కు రాదు. తిండి మానేసి మరీ చిక్కిపోయిన ఏ ఆడపిల్లకైనా నెలసరి గతి తప్పవచ్చు, అది డాన్సుకే పరిమితమైన సంగతి కాదు. నా శిష్యురాళ్ళలో తల్లులైనవాళ్ళు బోలెడుమంది, కాన్పు తర్వాత డాక్టరును అడిగి మెల్లగా మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు. నిజంగా చూసుకోవాల్సినవి కాళ్ళు. కూచిపూడిలో పాదం నేలకు కొట్టి ఆడాలి. మన దగ్గర చెక్క వేదిక ఎక్కడిది? సిమెంటు, గ్రానైటు, లేకపోతే గుడి ఆవరణలో బండల మీద పరిచిన జారే తివాచీ. మడమ నొప్పి, కాలి ముందు ఎముక నొప్పి అలా వస్తాయి. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునేటప్పుడు, తుంటి దగ్గర నుంచి కాళ్ళు విప్పాలి, మోకాలిని మెలిపెట్టి విప్పితే అది పాడవుతుంది. మంచి గురువు దగ్గర నేర్చుకున్న పిల్లకు ఈ తేడా తెలిసి ఉంటుంది. పెళ్ళయ్యాక మీ ఇంట్లో సాధన చేసుకోవడానికి ఆమెకు ఒక గది కావాలి, దాని నేల సంగతి ఇప్పుడే ఆలోచించండి. రబ్బరు చాప ఒకటి కొనిపెట్టినా మేలే.

పెళ్ళయ్యాక మానేస్తుందా అని మీ నాన్నగారు అడగమన్నారట. ఈ ప్రశ్న పెళ్ళిచూపుల్లో వేయకండి. ఎందుకంటే అమ్మాయి తరఫున వాళ్ళ అమ్మ "మీరు ఎలా అంటే అలా" అనేస్తారు, ఆ జవాబు మీద పెళ్ళి జరుగుతుంది, ఏడాది తిరిగేసరికి గజ్జెలు బీరువాలోకి వెళ్తాయి. నేను నేర్పిన వాళ్ళలో బాగా ఆడగలిగినవాళ్ళు ఆగిపోయింది ఈ ఒక్క చోటే. గొడవ ఏమీ ఉండదు, ఎవరూ వద్దని అనరు. అత్తగారికి ఒంట్లో బాగోదు, ఆ ఆదివారం క్లాసు పోతుంది, తర్వాతి ఆదివారం చుట్టాలు వస్తారు. మీ తమ్ముడికి ఆమె డాన్స్ నచ్చే ఈ సంబంధం మీద మనసు పడ్డాడని మీరే రాశారు. నచ్చిన దాన్ని ఆపించి ఏం చేసుకుంటాడు?

దాని బదులు పని ఎలా సాగుతుందో మాట్లాడుకోండి. విజయనగరంలో ఆమెకున్న క్లాసు ఏళ్ళ తరబడి పెంచుకున్నది, ఆమదాలవలసకు మోసుకురాలేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషను మీ ఊళ్ళోనే ఉంది, విజయనగరానికి రైళ్ళకు కొదవ లేదు. వారాంతాల్లో వెళ్ళి క్లాసు చెప్పి రావడం కుదరని పని కాదు. మీ వైపు కొత్త క్లాసు మొదలుపెట్టాలంటే పిల్లలు చేరడానికి, చేరిన పిల్లలు వేదిక ఎక్కడానికి చాలాకాలం పడుతుంది, అంతవరకు ఆదాయం తగ్గుతుందని ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. దసరా నుంచి పైడితల్లమ్మ సిరిమానోత్సవం దాకా ఆమెకు ఊపిరి ఆడదు, ఆ రోజుల్లో ఇంట్లో పండగ పనులకు ఆమె మీద ఆశ పెట్టుకోవద్దని మీ అమ్మగారికి ఎవరు చెబుతారో ఇప్పుడే తేల్చుకోండి. నా అభిప్రాయంలో మీ తమ్ముడే చెప్పాలి, ఆ బాధ్యత ఆ అమ్మాయి మీద వేయకూడదు.

ఇంకో పని చేయండి. ఆమె ప్రదర్శన చూడటానికి వెళ్ళకండి, అక్కడ అందరూ బాగానే కనిపిస్తారు. వాళ్ళింట్లో వాళ్ళను అడిగి, ఒక మామూలు సాయంత్రం ఆమె క్లాసు జరుగుతుండగా మీ నాన్నగారిని, మేనత్తగారిని తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టండి. తట్టుకర్ర చేతపట్టి, ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఒకే అడుగును గొంతు పెంచకుండా నూరోసారి చెప్పే మనిషిని చూశాక మీ మేనత్తగారికి ఇంకా ఏవైనా సందేహాలు ఉంటే నాకు రాయండి.

అన్నట్టు, సంబంధం కుదిరితే మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, పెళ్ళికూతురే డాన్స్ టీచరు కదా, సంగీత్ ఆమెకే అప్పజెబుదాం, ఖర్చు కలిసొస్తుందని. ఒప్పుకోకండి. డబ్బిచ్చి వేరేవాళ్ళను పెట్టుకోండి. విజయనగరంలో పని బాగా తెలిసిన పిల్లలు ఉన్నారు, కావాలంటే నేను చెబుతాను. అడ్వాన్సు ముందే ఇవ్వాలి.